గీత దాకా నీళ్ళు

నా నోరు మంచిది కాదు. నన్ను ఎరిగినవాళ్ళంతా ఈ మాటే అంటారు, నేనూ కాదనను. ముప్పై ఏళ్ళు తాపీ పట్టి మేస్త్రిగా బతికినవాడికి మెత్తటి నోరు ఎక్కడి నుంచి వస్తుంది? పొద్దున ఎనిమిదింటికి పని మొదలుపెడితే సాయంత్రం దాకా ఎవరినో ఒకరిని తిడుతూ ఉంటేగానీ గోడ లేవదు. ఇప్పుడు రాయబోయే సంగతిలో కూడా తిట్లున్నాయి. కొన్ని రాయలేను, వదిలేస్తాను. అసలు తిట్టవలసింది నన్ను. ఆ పని ఇన్నేళ్ళూ ఎవరూ చేయలేదు.

మాది గుడియాత్తం. ఇంట్లో తెలుగు, వీధిలో అరవం. ఇళ్ళు కట్టడం తప్ప మా వాళ్ళకు ఇంకో పని తెలియదు. సిమెంటుకు పర్మిట్టు అడిగే కాలం పోయి, డబ్బుంటే చాలు ఎన్ని మూటలైనా లారీలో వచ్చి దిగే రోజులు మొదలైనప్పటి మాట ఇది. తోలు వ్యాపారం చేసేవాళ్ళకు, మగ్గాలు నడిపేవాళ్ళకు, గల్ఫు నుంచి డబ్బు వచ్చేవాళ్ళకు అందరికీ ఒక్కసారిగా మేడ మీద మేడ కావలసి వచ్చింది. మాకు చేతినిండా పని. నా కళ్ళు నెత్తికెక్కింది అప్పుడే.

నేను మేస్త్రి. నా భార్య నా దగ్గరే కూలి. సిమెంటూ ఇసుకా నీళ్ళూ కలిపినదాన్ని మేము మాలు అంటాం. మాలు కలపడం, తట్టలో ఎత్తి నాకు అందించడం ఆమె పని. నీళ్ళు ఎన్ని పోయాలో చెప్పడం నా పని. నేను చెప్పకుండా చెంబెడు నీళ్ళు కూడా పోయడానికి లేదు. అది ఒక్క నా దగ్గరే కాదు, మా వాళ్ళలో ఏ మేస్త్రి దగ్గరైనా అంతే.

మా పనిలో ఇంకో పద్ధతి ఉంది. కట్టిన గోడ పగిలినా, పూత ఊడినా, ఇంటాయన వచ్చి ఏమయ్యా ఇది అని నిలదీస్తే మేస్త్రి చెప్పే జవాబు ఒకటే. ఈ ఆడమనిషి మాలు సరిగా కలపలేదు సామీ అంటాడు. వెంటనే ఆ ఆడమనిషి తల వంచుకుని నిలబడాలి. ఇంటాయన ఆమెను రెండు మాటలని వెళ్ళిపోతాడు. మేస్త్రి పేరు పోదు, పని నిలుస్తుంది. ఇందులో తప్పుందని మాలో ఎవరికీ తోచలేదు, తల వంచుకునేవాళ్ళకు కూడా. నా భార్య నాకోసం ఎన్నిసార్లు అట్లా నిలబడిందో నాకు గుర్తు లేదు. ఆమెకు గుర్తుండవచ్చు.

పెళ్ళయిన రెండో ఏట మాకు ఆడపిల్ల పుట్టింది. మూడు నెలలు నిండగానే నా భార్య మళ్ళీ పనికి వచ్చింది. మేము ఎక్కి పనిచేయడానికి గోడ పక్కన కట్టే సారువ కట్టెకు పాత చీరతో ఉయ్యాల కట్టి పాపను అందులో వేసేది. సిమెంటు దుమ్ములోనే అది నవ్వడం నేర్చుకుంది. నేను తాపీతో ఇటుక మీద టకటకా కొడితే ఉయ్యాలలో కాళ్ళు ఆడించేది. నాకు పాపంటే ప్రాణం. ఆ మాట ఇప్పుడు రాస్తే ఎవరు నమ్ముతారు, అయినా నిజం.

పాపకు ఏడో నెలలో జలుబు చేసింది. ముక్కు కారడం, తుమ్ములు, కొంచెం దగ్గు. ఇద్దరం కలిసి బజారు వీధిలోని డాక్టరు దగ్గరికి తీసుకుపోయాం. ఆయన పాప చొక్కా పైకెత్తి, చేతి గడియారం చూసుకుంటూ, ఊపిరికి పొట్ట ఎన్నిసార్లు లేస్తుందో నిమిషం పాటు లెక్కపెట్టాడు. లెక్కపెట్టి, ఇది ఉత్త జలుబు, దీనికి మందు పనిచేయదు, పాలు బాగా పట్టండి, ఊపిరి వేగం పెరిగితే మళ్ళీ తీసుకురండి అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. కూలి పోగొట్టుకుని వస్తే సూది లేదు, మందు లేదు, గడియారం చూసి పంపిస్తాడా? ఇంటికి పోయేదాకా వీధి పొడుగునా ఆయన్ను తిడుతూనే ఉన్నాను. నాలుగు రోజులకు జలుబు దానంతట అదే పోయింది. ఆయన చెప్పింది నిజమేనని మాత్రం నా నోటి నుంచి రాలేదు.

పది నెలలప్పుడు, చలికాలం ముందు పట్టే ముసురు వానల్లో, మళ్ళీ దగ్గు వచ్చింది. ఈసారి ఒళ్ళు కాలిపోతోంది. నేను ఒక మేడకు కిటికీల పైన దూలం వేస్తున్నాను, కదలలేనన్నాను. నా భార్య ఒక్కతే పాపను ఎత్తుకుని అదే డాక్టరు దగ్గరికి పోయింది. ఆయన మళ్ళీ గడియారం చూసి లెక్కపెట్టాడట. ఈసారి ముఖం మారిందట. రొమ్ములో నిమ్ము చేరింది, ఊపిరి చాలా వేగంగా ఉంది, దీనికి మాత్రం మందు పడి తీరాలి, రోజుకు మూడుసార్లు, ఏడు రోజులు, ఒక్క పూట కూడా తప్పకూడదు అన్నాడట. డొక్కలు లోపలికి గుంట పడినా, పాలు మానేసినా ఒక్క క్షణం ఆగకుండా వేలూరు పెద్దాసుపత్రికి పొమ్మన్నాడట. మందుల అంగడివాడు సీసా ఇచ్చి, కాచి చల్లార్చిన నీళ్ళు ఈ గీత దాకా పోసి బాగా కలిపి, ఈ మూతలో ఇంత పట్టాలి అని వేలు పెట్టి చూపించాడట.

ఇదంతా ఆమె నేరుగా పని దగ్గరికి వచ్చి నాకు చెప్పింది. మధ్యాహ్నం సంగటి తినే వేళ. నా కింద పనిచేసేవాళ్ళంతా ఇసుక కుప్ప చుట్టూ కూచుని ఉన్నారు. నేను సీసా తీసుకుని చూశాను. అడుగున తెల్లటి పొడి. పైన ఖాళీ. సీసా మీద ఒక గీత.

"నీళ్ళు తగిలినంక ఏడు దినాలు ఎట్ల నిలస్తాది మే? పొద్దు గూకేలోగా రాయి అయిపోతాది," అన్నాను.

"అంగడాయన అట్లే చెప్పినాడు. గీత కాడికి పోసి కలపమన్నాడు."

ఆ అంగడాయన ఎప్పుడన్నా తాపీ పట్టినాడా అని అడిగాను. అందరూ నవ్వారు. నవ్వు నాకు బాగా ఎక్కింది. పొడిని ఎట్లా కాపాడాలో నాకు చెప్పేది మీరా, కావలసినంత పొడి తీసి ఆ పూటకు ఆ పూట కలుపుకోవాలి, మిగతాది తేమ తగలకుండా మూట కట్టి పెట్టాలి, ఇదే పద్ధతి అని అందరికీ వినపడేట్టు చెప్పాను. పదిహేనేళ్ళ నుంచి పొడి, నీళ్ళు తప్ప ఇంకేమీ ఎరగని చేతులు నావి. ఎంత పొడికి ఎన్ని నీళ్ళో కళ్ళు మూసుకుని చెప్పగలను అనుకున్నాను.

ఆమె పాపను భుజం మారుస్తూ, తగ్గు గొంతుతో, "ఇది సిమెంటు కాదు," అంది.

నలుగురి ముందు అంది. అప్పుడు నేనన్న మాటే నేను రాయలేనన్నది. అది విని నవ్వుతున్నవాళ్ళు కూడా నవ్వు ఆపేశారు. నేను సీసా మూత తిప్పి, రెండు వేళ్ళతో చిటికెడు పొడి తీసి, సీసాతో ఇచ్చిన కొలత మూతలో వేసి, కుండలోని నీళ్ళు పోసి, అగ్గిపుల్లతో కలిపి పాప నోట్లో పోశాను. తియ్యగా ఉందేమో, పాప చప్పరించింది. చూసినావా అన్నట్టు నా భార్య వైపు చూశాను. సీసా మూతికి ప్లాస్టిక్ కవరు చుట్టి, దారంతో బిగించి కట్టాను. సగం వాడిన సిమెంటు మూటను కట్టేది అట్లాగే.

ఆ సాయంత్రం ఇంట్లో ఆమె ఇంకోసారి ప్రయత్నించి చూసింది. నీళ్ళు కాచి, గ్లాసులో చల్లార్చి, సీసా పక్కన పెట్టింది. నేను చూసి గ్లాసు ఎత్తి నీళ్ళు వాకిట్లో పారబోశాను. నీళ్ళు ఎన్నో చెప్పేది నేను అన్నాను. మా అమ్మ గడప మీద కూచుని ఉంది కానీ ఆమెకు చెవులు సరిగా వినపడవు, మేము దేనికి పోట్లాడుతున్నామో ఆమెకు తెలియదు. నా భార్య గ్లాసు కడిగి బోర్లించింది.

రోజుకు మూడుసార్లు నేనే పోశాను. ఒక్క పూట తప్పలేదు. ఆ విషయంలో డాక్టరు మాట నిలబెట్టాను. రెండో రోజు జ్వరం కొంచెం దిగినట్టు కనపడింది. అంతే, నన్ను పట్టడానికి లేదు. సీసాలో పొడి పెద్దగా తగ్గనే లేదు, వాళ్ళు చెప్పినట్టు నీళ్ళు పోసి ఉంటే ఏడు రోజులకే పారేయాలి, నా చేతిలో ఇది రెండు నెలలు వస్తుందని పనివాళ్ళ దగ్గర గొప్పలు చెప్పుకున్నాను. ఎంత మందు పడాలో అందులో ఆరో వంతు కూడా పాప కడుపులోకి పోవడం లేదు. ఆ సంగతి నాకు తెలియదు. తెలిసిన మనిషి నా ఎదురుగా మాలు కలుపుతోంది.

నాలుగో రోజు పొద్దున పాప పాలు తాగలేదు. రొమ్ము నోట్లో పెట్టినా పట్టలేదు. నా భార్య పాప చొక్కా ఎత్తి నాకు చూపించింది. ఊపిరి తీసిన ప్రతిసారీ డొక్కలు లోపలికి గుంట పడుతున్నాయి. వేలూరు పోదామంది. ఆ రోజు ఇంకో మేడకు పైకప్పు కాంక్రీటు. ఒకసారి మొదలుపెడితే అంతా పూర్తయ్యేదాకా ఆపకూడదు. ఆపితే అతుకు పడుతుంది, అక్కడ వాన కారుతుంది. ఇరవై మంది కూలీలు వచ్చి నిలబడ్డారు. మధ్యాహ్నానికి అయిపోతుంది, అయిపోగానే పోదాం అన్నాను.

ఆమె తట్ట ఎత్తుకుంది. ఉయ్యాల నిచ్చెన కిందే ఉంది. కాంక్రీటు తట్టతో పైకి ఎక్కే ముందు ఒకసారి, ఖాళీ తట్టతో దిగినాక ఒకసారి ఉయ్యాలలోకి వంగి చూసేది. ఆ పొద్దంతా అట్లా ఎక్కుతూ దిగుతూనే ఉంది. ఏమే, అక్కడే నిలబడిపోయినావు, లైను ఆగిపోతా ఉంది అని పైనుంచి నేను అరిచాను. అరిచానా అంటే అరిచాను. ఇందులో దాచడానికి ఏముంది?

రెండు గంటలకు కాంక్రీటు అయింది. చేతులు కడుక్కుని వేలూరు బస్సు ఎక్కాం. లత్తేరి దాటేసరికి పాప మూలగడం కూడా మానేసింది. పాలారు వంతెన మీద బస్సు మెల్లగా పోతుంటే నేను కిటికీలోంచి ఏట్లో ఇసుక చూశాను. సన్న ఇసుక, పూతకు బాగుంటుంది అనుకున్నాను. నా పక్కన నా బిడ్డ ఊపిరికి కొట్టుకుంటోంది, నేను ఇసుక చూశాను. ఆ తలపు వచ్చినందుకు ఈనాటికీ నన్ను నేను చెప్పుతో కొట్టుకోవాలనిపిస్తుంది.

పెద్దాసుపత్రిలో వాళ్ళు ఒక్క నిమిషం కూడా ఆలస్యం చేయలేదు. పాప ముక్కుకు గాలి గొట్టం పెట్టారు, చేతికి సూది గుచ్చారు. ఒక డాక్టరమ్మ వచ్చి ఇంతకుముందు ఏం మందు వాడారని అడిగింది. నేను గర్వంగానే సీసా తీసి ఇచ్చాను, మందు వాడకుండా ఊరికే కూచోలేదని చూపించడానికి. ఆమె కవరు విప్పి, సీసా వెలుతురుకు ఎత్తి చూసింది. పొడి, పొడిగానే ఉంది. నాలుగు రోజులు ఇచ్చారంటున్నారు, ఎట్లా ఇచ్చారని అరవంలో అడిగింది. నేను చిటికెడు, చిటికెడు అని చెప్పాను. ఆమె సీసా దించి మా ఇద్దరినీ చూసింది.

"ఎవరు ఇచ్చింది?" అంది.

నేను ఆలోచించలేదు. ఆలోచించడానికి అక్కడ వ్యవధి కూడా లేదు. గోడ పగిలినప్పుడు నోట్లోంచి ఏ మాట వస్తుందో ఆ మాటే వచ్చింది.

"ఈమే ఇచ్చింది డాక్టరమ్మా. చదువు లేదు. చెప్పినా అర్థం చేసుకోదు."

నా భార్య తల వంచుకుంది. ఇంటాయనల ముందు ఎట్లా నిలబడేదో అట్లాగే నిలబడింది.

డాక్టరమ్మ ఆమెను తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. పక్కన కూచోబెట్టుకుని, చిన్నపిల్లకు చెప్పినట్టు, ఈ గీత దాకా నీళ్ళు పోయాలమ్మా, అప్పుడే ప్రతి మూతలోనూ సరిపోయినంత మందు వస్తుంది, చిటికెడు పొడిలో ఏమీ ఉండదు అని సీసా పట్టుకుని చూపించింది. ఆమెకు తెలిసిన పాఠమే ఆమెకు మళ్ళీ చెప్పింది. చివర ఇంకో మాట అంది. మొదటి రోజు నుంచి సరిగా పోసి ఉంటే ఈ మందే చాలేది, ఇక్కడికి రావలసిన పనే ఉండేది కాదు అంది. పక్క మంచాల తల్లులందరూ నా భార్యనే చూశారు. ఒకామె తన బిడ్డను ఇంకో పక్కకు తిప్పుకుంది. నా భార్య సరేనమ్మా అని మాత్రం అంది.

మరుసటి రోజు మధ్యాహ్నం పాప పోయింది. అప్పుడు నేను ఆసుపత్రి బయట రోడ్డు పక్కన కుస్కా అన్నం తింటున్నాను. చేయి కడుక్కుని లోపలికి వచ్చేసరికి గాలి గొట్టం తీసేశారు. నా భార్య పాప కాళ్ళు పట్టుకుని కూచుని ఉంది. ఏడవలేదు. నేను ఏడ్చాను. వార్డులో ఆయాలు నన్నే ఓదార్చారు, పాపం తండ్రి అని.

శవమని తెలిస్తే బస్సు ఎక్కించుకోరు. కండక్టరు అడిగితే నిద్రపోతా ఉండాదని చెప్పమని నా భార్యకు చెప్పాను. ఆమె పాపను భుజాన వేసుకుని తువ్వాలు కప్పింది. ఎక్కేవాళ్ళు దిగేవాళ్ళు దగ్గరగా వచ్చినప్పుడల్లా వీపు మీద తట్టేది, జో కొట్టినట్టు. గుడియాత్తం వచ్చేదాకా తడుతూనే ఉంది. కౌండిన్య ఏటి ఒడ్డున మా వాళ్ళ పిల్లల్ని పూడ్చే చోట పూడ్చాం.

చూడవచ్చిన ఆడవాళ్ళకు మా అమ్మ చెప్పింది, కోడలు మందు కలపడం చేతకాక బిడ్డను పోగొట్టిందని. ఆమెకు ఎవరు చెప్పారంటారా, నేనే చెప్పాను. ఆసుపత్రిలో చెప్పిన మాట ఊళ్ళో మారిస్తే బాగుండదు కదా. నేను అరుగు మీద కూచుని టీ తాగుతున్నాను, లోపల ఆ మాటలు నడుస్తున్నాయి. నా భార్య వాళ్ళకు మంచినీళ్ళు అందిస్తోంది. ఒక్కసారి తల ఎత్తి, కాదు అంటుందేమోనని నేను భయపడ్డాను. అనలేదు. ఆ రాత్రీ అనలేదు, ఆ సంవత్సరమూ అనలేదు. ఎందుకనలేదో నేను అడగలేదు. అడిగితే చెబుతుందేమోనని భయం.

నేను తెలుగు రాయడం చదవడం ముప్పై అయిదు దాటాక చిత్తూరులో పనికి పోయినప్పుడు నేర్చుకున్నాను, టీ అంగడిలో పాత పేపర్లు కూడబలుక్కుని. ఆమెకు ఏ అక్షరాలూ రావు. నేనేదో రాస్తున్నానని తెలుసు, ఏం రాస్తున్నానో తెలియదు. ఆమె చదవగలిగితే ఇది రాసేవాడినా అని నన్ను నేను అడుగుతాను. రాసేవాడిని కాదు. నా ధైర్యం ఇంతే.

రెండేళ్ళకు ఇంకో ఆడపిల్ల పుట్టింది. దానికీ తొమ్మిదో నెలలో నిమ్ము చేరింది. ఈసారి నేనే పని మానుకుని అదే డాక్టరు దగ్గరికి ఎత్తుకుపోయాను. ఆయన గడియారం చూసి లెక్కపెట్టి, మందు పడాలన్నాడు. అదే రకం పొడి సీసా. ఇంటికి వచ్చేసరికి నా భార్య నీళ్ళు కాచి చల్లార్చి ఉంది. సీసా నా చేతిలోంచి తీసుకుంది. మూత తిప్పబోతుంటే మా అమ్మ లేచి వచ్చి ఆమె చేతిలోంచి లాక్కుంది.

"నువ్వు దీని జోలికి రాకుమే. ఒకదాన్ని మింగింది చాల్దా? నాయనా, నువ్వు కలుపు."

సీసా నాకు అందించింది. అప్పుడైనా చెప్పవచ్చు. అమ్మా, ఆ పొద్దు కలిపింది నేను అని నాలుగు మాటలు. నేను సీసా తీసుకున్నాను. గీత దాకా నీళ్ళు పోశాను. మూత బిగించి బాగా ఆడించాను. మా అమ్మ కోడలి వైపు తిరిగి, చూడుమే, ఇట్ల కలపాల అంది.

నా భార్య పాపను ఒళ్ళో పడుకోబెట్టుకుని, గడ్డం పట్టి నోరు తెరిచింది. నా ముఖంలోకి సూటిగా చూసింది.

"నీళ్ళు చాలునా మేస్త్రీ?"

ఇంట్లో ఆమె నన్ను ఆ పేరుతో ఎన్నడూ పిలవలేదు. చాలు అన్నాను. పోశాను.

ఆ పాప బతికింది. మూడో రోజుకే పాలు తాగింది, ఏడు రోజులూ మందు పట్టాం. మా అమ్మ వీధి వీధంతా నా హస్తవాసి మంచిదని చెప్పుకొచ్చింది. అప్పటి నుంచి మా వీధిలో ఏ బిడ్డకు పొడి మందు రాసినా సీసా నా దగ్గరికే తెస్తారు, మేస్త్రి కలిపితే బిడ్డకు నయమవుతుందని. వాళ్ళు అరుగు మీద కూచుంటారు. నా భార్య లోపల నీళ్ళు కాచి, చల్లార్చి, గ్లాసు తెచ్చి నా ముందు పెడుతుంది. నేను కలిపేదాకా ఆగి, ఖాళీ గ్లాసు తీసుకుని లోపలికి పోతుంది.